మాత్ర కడుపులో నిలవకపోతే ఆల్డాక్టోన్ ఇంజెక్షన్ ఇస్తారా?

మీ అత్తయ్య గారికి సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) వల్ల పొట్టలో నీరు చేరిందని, నీరు తీసే ఆల్డాక్టోన్ మాత్ర వాంతులతో నిలవడం లేదని, ఇంజెక్షన్ ఉందా అని అడిగారు. వైజాగ్‌లో మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు గారిని నేనూ ఇదే అడిగానండి.

ఆల్డాక్టోన్‌లో ఉండే స్పైరోనోలాక్టోన్ నీళ్లలో సరిగా కరగదు, అందుకే దాన్ని నరానికి ఎక్కించరు. నీళ్లలో కరిగే దాని చుట్టం పొటాషియం కాన్రినోయేట్. ఒంట్లోకి వెళ్లాక అది కాన్రినోన్‌గా మారుతుంది. మాత్రలోని మందు కూడా కొంత అలాగే మారి పనిచేస్తుంది. మింగలేని వారికి యూరప్‌లో కొన్ని దేశాల్లో ఈ ఇంజెక్షన్ ఇస్తారు. నాన్నగారికి మాత్రం ముక్కు గొట్టం వేసి, మాత్రనే మెత్తగా నూరి నీళ్లలో కలిపి పంపారు. మీరూ ఆ దారి ఉందేమో అడగండి.

మూత్రం ఎక్కువ పోయేలా చేసే లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తున్నారు కదా, ఆల్డాక్టోన్ కూడా ఎందుకని అనిపించవచ్చు. సిరోసిస్‌లో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువై, ఉప్పునీ నీటినీ కిడ్నీలు వదలకుండా చేస్తుంది. దాన్ని అడ్డుకునేది ఆల్డాక్టోనే. రెండు మూడు రోజులు గడిస్తే గాని గుణం కనిపించదు, కంగారుపడకండి. కాళ్ల వాపు లేకపోతే రోజుకు అర కిలో కంటే ఎక్కువ బరువు తగ్గకూడదని చెప్పారు. అందుకని రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకునేవాళ్లం.

నా దృష్టిలో మాత్రా, ఇంజెక్షనా అన్నదాని కంటే పొటాషియం ముఖ్యం. ఆల్డాక్టోన్, కాన్రినోయేట్ దాన్ని ఒంట్లోనే నిలిపేస్తాయి, పైగా కాన్రినోయేట్ ఇంజెక్షన్ పొటాషియం లవణమే. మామూలుగా రక్త పరీక్షలో అది 3.5 నుంచి 5 (mEq/L) వరకు ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చూడడానికి వచ్చిన చుట్టాలు బీచ్ రోడ్డులో బోండాం కొట్టించి సీసాలో పోసుకొచ్చేవారు. ఒకసారి నర్సమ్మ ఆ సీసా తీసి మా చేతికే ఇచ్చేసి, "ఇందులో పొటాషియం ఉంటుందమ్మా, పెద్దాయనకి వద్దు" అంది. లో సోడియం ఉప్పు ప్యాకెట్లు కూడా కొనకండి, వాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఆవకాయ, ఎండు చేపలు ఉప్పు వల్ల ఎలాగూ మానాలి. నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేయకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటివి), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది) రక్త పరీక్షలు మళ్లీ ఎప్పుడు చేయించాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆవిడ మగతగా ఉన్నా, మాట తడబడినా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.