కిడ్నీ మార్పిడి తర్వాత బాబుకి టాన్సిల్ వాచి తగ్గడం లేదు, క్యాన్సర్ కావచ్చా?

ఎనిమిది నెలల క్రితం మార్పిడి అయిన బాబు గురించి మీరు అడిగిన ప్రశ్న చదవగానే మా మేనల్లుడే గుర్తొచ్చాడు. నేను డాక్టర్ని కాను, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

వాడికి పదేళ్లప్పుడు మా అక్కే కిడ్నీ ఇచ్చింది. ఏడో నెలలో గొంతు నొప్పి, గురక మొదలయ్యాయి. ఊళ్లో డాక్టరు రెండుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు. తగ్గకపోగా కుడి టాన్సిల్ ఒక్కటే పెద్దదైంది, మెడ పక్కన బిళ్ళ కట్టింది. "టీబీ గడ్డ అయ్యుంటుంది, మందులు మొదలుపెడదాం" అన్నారాయన. అక్కకి ఎందుకో అనుమానమొచ్చి మార్పిడి చేసిన డాక్టర్లకి ఫోన్ చేసింది. ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) కాకుండా ఆ మందులు వేయొద్దని వాళ్లు గట్టిగా చెప్పారు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్ మందు లెవెల్‌ని రక్తంలో బాగా పడగొడుతుందట. కొత్త కిడ్నీకే ఎసరు!

మెడ బిళ్ళకి చేసిన సూది పరీక్షతో తేలలేదు. టాన్సిల్ తీసి పంపితే పీటీఎల్‌డీ అని వచ్చింది, అంటే మార్పిడి తర్వాత వచ్చే లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) జాతి జబ్బు. చాలాసార్లు దీని వెనక ఉండేది ఎప్‌స్టీన్-బార్ వైరస్. అక్క ఒంట్లో అది ఎప్పటినుంచో ఉంది, వాడికి లేదు. కిడ్నీతో పాటే వచ్చింది. కిడ్నీని కాపాడే మందులు వైరస్‌ని అదుపులో ఉంచే టీ కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) అణచిపెడతాయి కదా, ఇక వైరస్ పట్టిన బీ కణాలకు (ఇవి మరో రకం తెల్ల రక్తకణాలు) అడ్డుండదు. టాన్సిళ్లలో బీ కణాలు బోలెడు ఉంటాయి.

ముందు అలా కిడ్నీని కాపాడే మరో మందు మైకోఫెనలేట్ ఆపి, టాక్రోలిమస్ తగ్గించారు. అసలు టెన్షన్ అప్పుడే. మందు తగ్గితే ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతుందేమోనని కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగేది కాదు. అది చాలక బీ కణాలను చంపే రిటుక్సిమాబ్ మందు వారానికొకటి చొప్పున నాలుగు ఇచ్చారు. మొదటి డ్రిప్‌కి చలిజ్వరం వస్తే ఆపి, మళ్లీ నెమ్మదిగా ఎక్కించారు. మాకు కీమో అక్కర్లేకపోయింది, కొందరికి అవసరమవుతుంది. ఇప్పుడు వాడు తొమ్మిదో తరగతి, అదే కిడ్నీతో.

మీ బాబుది మామూలు ఇన్ఫెక్షనే కావచ్చు. కానీ ఒక పక్కే వాచిందా, నిద్రలో ఊపిరి అందడం లేదా, బరువు తగ్గుతున్నాడా చూడండి. ఊపిరి ఇబ్బందైతే రేపటిదాకా ఆగొద్దు. మందుల డోసు మాత్రం మీరు మార్చకండి. మార్పిడి చేసిన చోటికే తీసుకెళ్లి, ఈబీవీ పీసీఆర్ (రక్తంలో ఆ ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష), బయాప్సీ అవసరమా అని అడగండి.