ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగండి: చలికాలం నల్ల బీర్ల మీద మీ ప్రశ్నలు

డిసెంబర్ దగ్గరపడితే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్ల బీర్ల గురించే. అమెరికా, జర్మనీల్లో చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళినవాళ్ళవి ఎక్కువ, హైదరాబాద్ నుంచి కూడా కొన్ని. ఒకేలా ఉన్నవి కలిపేశాను, "ఎక్కడ చీప్‌గా దొరుకుతుంది" టైపువి పక్కన పెట్టేశాను. తాగే వయసు రానివాళ్ళు పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న (చికాగో నుంచి): అన్నా, ఆఫీసులో ఒకతను డొపెల్‌బాక్ అని ఒక సీసా గిఫ్ట్ ఇచ్చాడు, మెడకి తెల్ల ప్లాస్టిక్ మేక బొమ్మ వేలాడుతోంది. ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టే ముందు తీసి తాగాను. ఏదో తియ్యటి నీళ్ళలా ఉంది తప్ప ఏం అనిపించలేదు. ఇందులో ఏముందని జనం ఇంత పొగుడుతారు?

జవాబు: డొపెల్‌బాక్ అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) దండిగా పోసి చేసే జర్మనీ స్ట్రాంగ్ బీరు. మేక వేలాడుతోందంటే అది సెలబ్రేటర్ అయ్యుంటుంది, మ్యూనిక్ దగ్గర్లో ఆయింగ్ అనే చిన్న ఊళ్ళో ఆయింగర్ వాళ్ళు చేస్తారు, 6.7 శాతం ఆల్కహాల్. మీకు ఇచ్చినాయన మంచి మనసున్నవాడు. ఫ్రీజర్లో పెట్టారు చూడండి, అక్కడే కథ అడ్డం తిరిగింది. మన ఎండలకి బీరంటే గొంతులో జిల్లుమనాలి అని అలవాటు పడిపోయాం, లేత పసుపు లైట్ లాగర్లకి అది కరెక్టే, కానీ మాల్ట్ ఎక్కువున్న బీరు అంత చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, వాసన లేవకపోతే రుచీ తెలీదు, ఇక నాలుకకి మిగిలేది తీపి ఒక్కటే.

ఇంకో సీసా తెచ్చుకోండి. ఫ్రిజ్‌లో పెట్టి, తాగే ముందు ఒక అరగంట బయట ఉంచి, 10 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా వచ్చాక మూత తియ్యండి. సీసాతో తాగొద్దు. వైన్ గ్లాసైనా సరే, మూతి కాస్త ముడుచుకున్న గ్లాసు ఏదైనా సరే, సగం దాకే పొయ్యండి. దీపం వెలుతురుకి పట్టి చూస్తే నల్లగా ఉందనుకున్నది అంచుల్లో ఎర్రగా దానిమ్మ రంగులో కనపడుతుంది. అప్పుడు ముక్కు దగ్గర పెట్టండి. ముందొచ్చేది హార్లిక్స్ డబ్బా మూత తీసినప్పటి వాసన. నవ్వకండి, హార్లిక్స్‌లో ఉండేదీ మాల్ట్ చేసిన బార్లీనే, మొలకెత్తించి ఆరబెట్టి వేడి చేసిన గింజ, మన ఇళ్ళల్లో రాగి మాల్ట్‌కి రాగులతో చేసేదీ అదే పని. దాని వెనక కాల్చిన రొట్టె అంచు, తర్వాత ముదురుతున్న బెల్లం పాకం, ఎండు ద్రాక్ష. ఇక తాగేటప్పుడు కొంచెమే నోట్లోకి తీసుకుని, రెండు క్షణాలు ఉంచి మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి, సగం రుచి అప్పుడే తెలుస్తుంది. ఐదు నిమిషాలాగి మళ్ళీ ఒక గుక్క, గ్లాసు చల్లదనం తగ్గేకొద్దీ మొదట లేనివి ఒక్కొక్కటీ బయటికొస్తాయి. నన్నడిగితే ఈ బీర్లలో మజా అంతా ఈ మార్పులోనే ఉంది, మొదటి గుక్కా చివరి గుక్కా ఒకేలా ఉంటే దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఇంకోటి, ఈ స్టైల్లో హాప్స్ (బీరుకి చేదు కోసం వేసే పువ్వులు) చేదు చాలా తక్కువ, తీపిని అదుపులో పెట్టడానికి ఎంత కావాలో అంతే. అయినా మంచి డొపెల్‌బాక్ మింగాక నోరు జిగటగా అవ్వదు. అయ్యిందంటే అది బ్రూవర్ తప్పు, మీ నాలుకది కాదు.

ప్రశ్న (మ్యూనిక్‌లో ఎమ్మెస్ స్టూడెంట్): ఇక్కడ సీనియర్లు డొపెల్‌బాక్‌ని ఉపవాసాల బీరు అంటున్నారు. నేను కొత్త కదా అని ఆట పట్టిస్తున్నారా?

జవాబు: లేదు తమ్ముడూ, నిజమే చెప్తున్నారు, కొంచెం కథ కూడా కలిసిందనుకో. మీ ఊళ్ళో ఔ (Au) అనే పేట దగ్గర నాయ్‌డెక్ అనే మఠంలో పౌలానర్ సన్యాసులు ఉండేవాళ్ళు, ఇటలీలో పుట్టిన శాఖ, నియమాలు చాలా గట్టివి. ఈస్టర్‌కి ముందు 40 రోజుల ఉపవాసం, తినకూడదు గానీ తాగితే ఉపవాసం చెడదు. మనవాళ్ళు ఏకాదశి రోజు పాలూ పళ్ళరసాలూ తాగి లాక్కొస్తారు చూడు, వాళ్ళకి బీరే ఆ పని చేసింది, అందుకే దాన్ని చిక్కగా, మాల్ట్ దండిగా పోసి కాచేవాళ్ళు. 1634లో మ్యూనిక్ ఊళ్ళోని బ్రూవర్లు ఈ సన్యాసులు బీరు అమ్ముకుంటున్నారని ఫిర్యాదు రాశారు, ఆ ఉత్తరం తేదీనే పౌలానర్ కంపెనీ ఇప్పటికీ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. పోటీవాళ్ళ కంప్లైంటే బర్త్ సర్టిఫికెట్ అయిపోయింది! పోప్ దగ్గరికి శాంపిల్ పీపా పంపితే దారిలో పులిసిపోయిందనీ, ఆయన రుచి చూసి "ఇది తాగడమే ఒక శిక్ష, తాగనివ్వండి" అన్నాడనీ ఇంకో కథ, అది మాత్రం బార్లో చెప్పుకోవడానికి బావుంటుంది అంతే.

మఠం 1799లో మూతపడింది, తర్వాత జాకెర్ల్ అనే బ్రూవర్ ఆ పని అందుకుని ఆ బీరుకి సాల్వేటర్ అన్న పేరుని ఊరంతా పాకించాడు. మిగతా బ్రూవరీలు కూడా తమ స్ట్రాంగ్ బీర్లని సాల్వేటర్ అనే అమ్మేవి, 1896లో పౌలానర్ ఆ పేరు ట్రేడ్‌మార్క్ చేసుకోవడంతో మిగతావాళ్ళు చివర "ఏటర్" మాత్రం ఉంచేసుకుని కొత్త పేర్లు పెట్టుకున్నారు. అందుకే నువ్వు సూపర్ మార్కెట్‌కి వెళ్తే స్పాటెన్ వాళ్ళ ఆప్టిమేటర్, లోవెన్‌బ్రాయ్ వాళ్ళ ట్రయంఫేటర్, అగస్టీనర్ వాళ్ళ మాక్సిమేటర్, హాకర్‌ప్షోర్ వాళ్ళ అనిమేటర్, అన్నీ టెర్మినేటర్ చుట్టాల్లా కనపడతాయి. నీ అసలు సీజన్ డిసెంబర్ కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే స్టార్క్‌బియర్, అంటే స్ట్రాంగ్ బీరు, సీజన్, అప్పుడు నొఖెర్‌బెర్గ్ కొండ మీద పౌలానర్ హాల్లో కొత్త పీపా తెరిచి, రాజకీయ నాయకుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి మొహం మీదే ఉతికి ఆరేస్తారు, టీవీలో లైవ్ వస్తుంది, బవేరియా యాస అర్థమైతే నీ జర్మన్ సూపర్ అన్నట్టు.

చలికాలమే ఎందుకు అని కూడా అడగాల్సింది నువ్వు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎండాకాలం బీరు కాస్తే పాడైపోయేది, అందుకని 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదని రూలే పెట్టారు. 1870ల్లో లిండే అనే ఇంజనీరు కూలింగ్ మెషిన్ చేసి మ్యూనిక్‌లో స్పాటెన్ బ్రూవరీలో పెట్టేదాకా చలే వాళ్ళ ఫ్రిజ్.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనే కదా అర్థం? మా ఫ్రెండ్స్ మైక్రోబ్రూవరీకి వెళ్ళినా నల్లది ముట్టుకోరు, కిక్కు ఎక్కువని భయం.

జవాబు: మీ ఫ్రెండ్స్ మామూలుగా తాగే స్ట్రాంగ్ బీరు సీసా తిప్పి చూడమనండి, 8 శాతం దాకా అని ఉంటుంది, రంగేమో లేత పసుపు. డబ్లిన్ గిన్నిస్ డ్రాఫ్ట్ కాటుక నలుపు, 4.2 శాతం. రంగుకీ కిక్కుకీ సంబంధం లేదండీ బాబూ. రంగు వచ్చేది మాల్ట్‌ని ఎంత వేడి చేశారన్న దాన్నుంచి. సుమారు 100 డిగ్రీల్లో ఆరబెడితే మ్యూనిక్ మాల్ట్, రొట్టె అంచు రుచి. తడిగా ఉన్నప్పుడే ఉడకబెట్టి గింజ లోపలే పిండిని చక్కెర చేసి ఆ తర్వాత వేడిపెడితే కారమెల్ మాల్ట్, అందులోంచి టాఫీ, ఎండు ద్రాక్ష. 200 డిగ్రీలు దాటించి వేయిస్తే చాక్లెట్ మాల్ట్, బ్లాక్ మాల్ట్, అక్కడ కాఫీ, మాడు, వగరు. ఈ చివరిది 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లండ్ ఆయన డ్రమ్ము రోస్టర్‌కి పేటెంట్ తీసుకున్నాక వచ్చింది. చాలా తక్కువ వేసినా బీరు నల్లబడిపోతుంది. గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి రంగూ వాసనా ఇచ్చే ఈ రియాక్షన్‌కి మెయిలార్డ్ పేరు పెట్టారు, 1912లో రాసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త. ఉల్లిపాయలు ఎర్రగా వేగినప్పుడు జరిగేది కూడా చాలావరకు అదే.

కాబట్టి గిన్నిస్ లాంటి స్టౌట్ వేరు, డొపెల్‌బాక్ వేరు. మొదటిదాంట్లో కాఫీ మాడు ఉండాలి, రెండోదాంట్లో మాడు వాసన వస్తే తప్పు. మైక్రోబ్రూవరీలో ముందు టేస్టర్ గ్లాసు అడగండి, మంచు పట్టించిన మగ్గు తెస్తే వద్దని మామూలు గ్లాసు తెమ్మనండి, వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ప్రశ్న (డాలస్ నుంచి): క్రిస్మస్ చెట్టూ మంచూ బొమ్మ చూసి సిక్స్ ప్యాక్ కొన్నాను, నల్లగా తియ్యగా ఉంటుందనుకుంటే వేపాకు చేదు. మోసమా?

జవాబు: మోసం కాదండి, బొమ్మ చూసి స్టైల్ చెప్పలేం అంతే. సియెరా నెవాడా వాళ్ళు 1981 నుంచి చేస్తున్న సెలబ్రేషన్ ఉంది, లేబుల్ మీద మంచూ చెట్లూ అన్నీ ఉంటాయి, లోపల ఉన్నది ఆ ఏడాది తాజా హాప్స్‌తో చేసిన ఐపీఏ, అంటే హాప్స్ దండిగా వేసే చేదు బీరు, చేదు దాని గొప్పతనం. సెలబ్రేటర్ తెమ్మంటే సెలబ్రేషన్ తెచ్చిన భర్తల గురించి నాకు బాగానే ఉత్తరాలొస్తాయి. లేబుల్ మీద డొపెల్‌బాక్, వింటర్ వార్మర్, ఓల్డ్ ఏల్, స్కాచ్ ఏల్, బాల్టిక్ పోర్టర్ లాంటి మాట ఉందేమో వెతకండి. దాల్చినచెక్క, అల్లం ఇష్టమైతే క్లీవ్‌లాండ్‌లో గ్రేట్ లేక్స్ వాళ్ళ క్రిస్మస్ ఏల్ ఉంది, తేనె కూడా వేస్తారు, 7.5 శాతం. నాకు మాత్రం మసాలా వేసినవాటి మీద పెద్ద మోజు లేదు, చాలావాటిలో మాల్ట్ పలచగా ఉందని తెలీకుండా దాల్చినచెక్క కప్పేస్తారు. మసాలా ఏమీ వెయ్యకుండానే లవంగం వాసన కావాలంటే ష్నైడర్ వాళ్ళ అవెంటినస్ తాగి చూడండి, 1907 నుంచి ఉన్న గోధుమ డొపెల్‌బాక్, 8.2 శాతం, ఆ లవంగం, ఆ అరటిపండు రెండూ ఈస్ట్ చేసే పనే.

ప్రశ్న (మినియాపొలిస్ నుంచి): బయట మైనస్ 20. ఇలాంటి బీరు తాగితే ఒంట్లో వేడి పుడుతుందా?

జవాబు: పుట్టదు, పుట్టినట్టు అనిపిస్తుంది. ఆల్కహాల్‌కి చర్మం కింద రక్తనాళాలు వెడల్పై వెచ్చగా తెలుస్తుంది గానీ ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని తాగండి, తాగి మంచులోకి నడకకి వెళ్ళకండి. కారు అసలే వద్దు: 7.9 శాతం సాల్వేటర్ అర లీటరులో సుమారు 31 గ్రాముల ఆల్కహాల్, అంటే మీ అమెరికా లెక్కలో రెండు డ్రింకులు దాటిపోయింది, మీరేమో "ఒక్క బీరే కదా" అనుకుంటారు.

ప్రశ్న (కోపెన్‌హాగన్ నుంచి): నవంబర్ మొదటి శుక్రవారం రాత్రి బార్లన్నీ నీలం టోపీలతో నిండిపోయాయి. ఏంటీ గోల?

జవాబు: జె డే. ట్యూబోర్గ్ వాళ్ళ క్రిస్మస్ బీరు ఆ రాత్రి 8:59కి విడుదల. 5.6 శాతం, ఎర్రటి రంగు, కొంచెం కారమెల్. రుచి చూడ్డానికి కాదు, గోలకే వెళ్ళాలి.

ప్రశ్న (హైదరాబాద్, ఇంకొకరు): స్టఫ్ ఏం పెట్టుకోవాలి? మిరపకాయ బజ్జీలు ఓకేనా?

జవాబు: అయ్యో వద్దు. ఆల్కహాల్ ఎక్కువున్న బీరు కారాన్ని ఇంకా మండిస్తుంది, మాల్ట్ రుచి గల్లంతైపోతుంది. వేయించిన జీడిపప్పు, ఉప్పు బాదం, కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడు, చివర్లో నల్లగా వేగిన ఉల్లిపాయ ఉండాలి. సంక్రాంతికి ఇంట్లో అరిసెలు మిగిలితే డొపెల్‌బాక్‌తో ఒక ముక్క తిని చూడండి, బెల్లం, నువ్వులు, మాల్ట్ చక్కగా కలుస్తాయి. పెద్దవాళ్ళ ముందు మాత్రం కాదు. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్నడిగి.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి): మా ఆయనకి సామిక్లాస్ అని ఒక సీసా కొన్నాను, షాపులో అతను దాచిపెడితే ఇంకా బావుంటుందన్నాడు. మా ఐదో పెళ్ళిరోజుకి ఇంకా మూడేళ్ళుంది, అప్పటిదాకా ఆగుతుందా?

జవాబు: హాయిగా ఆగుతుందమ్మా, దాచడానికి దీన్ని మించింది దొరకడం కష్టం. 1979లో జ్యూరిక్‌లో హ్యూర్లిమన్ అనే బ్రూవరీ మొదలుపెట్టింది, ఇప్పుడు ఆస్ట్రియాలో ఎగెన్‌బర్గ్ వాళ్ళు చేస్తున్నారు, ఏడాదికి ఒక్కరోజే, డిసెంబర్ 6న సెయింట్ నికొలస్ పండగ రోజు కాస్తారు, తర్వాత నెలల తరబడి పండిస్తారు. 14 శాతం, వైన్ లెక్క. ఇంత ఆల్కహాల్, ఇంత మాల్ట్ ఉన్న బీర్లే దాచడానికి పనికొస్తాయి, నెమ్మదిగా గాలి తగిలేకొద్దీ ఖర్జూరం, అంజీర్, షెర్రీ వైన్ వాసనలొస్తాయి. ఐపీఏలు, మామూలు 5 శాతం నల్ల లాగర్లు దాస్తే మాత్రం తడిసిన అట్టపెట్టె వాసనే. వీలైతే రెండో సీసా కూడా కొని ఈ చలికాలమే తాగేయండి, లేకపోతే మూడేళ్ళలో ఏం మారిందో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఓపెన్ చేసిన రోజు ఇద్దరికీ చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం, ఒకే సీసా ఇద్దరికీ సరిపోతుంది.

బేస్‌మెంట్‌లో చీకటి మూలన, నిలబెట్టి ఉంచండి, వైన్‌లా పడుకోబెట్టొద్దు. హీటర్ దగ్గరా, డ్రయర్ పక్కనా అసలే వద్దు. కొన్న తేదీ మార్కర్‌తో సీసా మీద రాసి, మీ ఆయనకి కనపడని చోట పెట్టండి.