ఎర్రబడ్డ చంద్రుడి మీద మచ్చలు ఎందుకు అలుక్కుపోతాయి?

ప్రశ్న: 300 ఎం.ఎం. లెన్సు, ట్రైపాడ్ వాడుతున్నాను. చంద్రగ్రహణం పట్టేటప్పుడు ఫొటోలు చక్కగా వచ్చాయి. చంద్రుడు పూర్తిగా ఎర్రబడ్డాక అవే సెట్టింగులతో తీస్తే ఫ్రేమంతా నలుపే. షట్టరు 4 సెకన్లకు పెంచితే వెలుతురైతే వచ్చింది కానీ మచ్చలన్నీ అలుక్కుపోయాయి. ట్రైపాడ్ కదల్లేదు. తప్పెక్కడ?

జవాబు: కదిలినవాడు చంద్రుడే. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశంలో చంద్రుడు ప్రతి రెండు నిమిషాలకూ తన వెడల్పంత దూరం జరిగిపోతాడు. మీ లెన్సుతో, 4 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరాలో చంద్రుడి వెడల్పు సుమారు 650 పిక్సెళ్లు. అంటే సెకనుకు 5 పిక్సెళ్లు దాటి జరుగుతాడు, 4 సెకన్లలో 20 దాటుతుంది. సన్నటి బిలాలన్నీ ఆ కదలికలోనే కలిసిపోయాయి.

కాబట్టి షట్టరును సాగదీయకుండా ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచండి. పౌర్ణమి చంద్రుడంటే ఎండలో ఉన్న రాయే. ఐఎస్ఓ 100, ఎఫ్/8 (లెన్సు ద్వారం కొలత), సెకనులో 250వ వంతు సరిపోతుంది. సంపూర్ణ దశలో ఆ వెలుగు పదివేల వంతుకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. ఐఎస్ఓ 3200, ఎఫ్/5.6, అర సెకను దగ్గర మొదలుపెట్టి, చాలకపోతే 1 సెకను దాకా వెళ్లండి. అక్కడికీ చాలకపోతే ఐఎస్ఓ 6400. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయపడకండి. ఒకే సెట్టింగుతో పదిపదిహేను ఫొటోలు వరసగా తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే చాలావరకు తగ్గుతుంది. అలుక్కుపోయిన బిలాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. 2ఎక్స్ టెలికన్వర్టర్ (చంద్రుణ్ణి రెట్టింపు పెద్దగా చూపే జోడింపు) ఉంటే సంపూర్ణ దశకు ముందే విప్పేయండి, అది రెండు స్టాపుల వెలుగు మింగేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). నాలుగు సెకన్లే కావాలంటే చంద్రుడి వెంట తిరిగే ట్రాకర్ ఉండాలి.

ఇంకొకరు వాడిన అంకెలు మీకు అచ్చంగా పనికొస్తాయని అనుకోకండి. భూమి వాతావరణంలో ఎంత ధూళి ఉంటే గ్రహణ చంద్రుడు అంత మసకబారతాడు. 1991లో పినతుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబరులో వచ్చిన గ్రహణంలో చంద్రుణ్ణి పోల్చుకోవడమే కష్టమైంది. డాంజాన్ అనే శాస్త్రవేత్త ఈ తేడాను కొలవడానికే 0 నుంచి 4 దాకా ఒక కొలమానం పెట్టాడు. అందుకే అయిదారు ఫొటోలకోసారి హిస్టోగ్రాం (ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకోండి, అందులోనూ ఎరుపు చానల్‌ను విడిగా. మొత్తం వెలుగు సరిగానే కనిపిస్తున్నా ఎరుపు ఒక్కటే కుడి అంచును గుద్దేసి ఉంటుంది. అప్పుడు చంద్రుడు వివరాల్లేని నారింజ బిళ్లలా వస్తాడు.

ప్రశ్న: లెన్సును ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెట్టినా ఫోకస్ మెత్తగానే వస్తోంది. ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటోంది.

జవాబు: చాలా లెన్సుల్లో రింగు ఇన్ఫినిటీ దాటి ఇంకాస్త తిరుగుతుంది, గుర్తును నమ్ముకోలేం. గ్రహణం మొదలవకముందే, చంద్రుడు వెలుగుగా ఉండగానే, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు పెద్దది చేసి అంచు మీద చేత్తో ఫోకస్ చేయండి. అంచు పదునుగా తేలగానే ఆటోఫోకస్ ఆపేసి రింగుకు టేపు అంటించండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి అదురును సరిచేసే ఏర్పాటు) కూడా ఆపాలి. మీట నొక్కిన అదురు తగలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కొంచెం జరగొచ్చు, కాబట్టి సంపూర్ణ దశకు ముందు సన్నటి వెలుగు రేక మీద మరోసారి సరిచూడండి. ఫొటోలు ఉన్నట్టుండి పాలు కలిపినట్టు తెల్లబారితే అది ఫోకస్ తప్పు కాదు, లెన్సు మీద మంచు పట్టింది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. లెన్సు చుట్టూ హీటర్ పట్టీ కట్టండి.

ప్రశ్న: గ్రహణం మొత్తం ఒకే ఫ్రేములో చంద్రుల దండలా రావాలంటే ఏ లెన్సు కావాలి?

జవాబు: ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. పాక్షిక దశలు కలుపుకొని మూడున్నర గంటల గ్రహణమైతే చంద్రుడు సుమారు 52 డిగ్రీలు నడుస్తాడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 ఎం.ఎం. లెన్సు పొడవు వైపు 74 డిగ్రీలు చూపిస్తుంది, కాబట్టి హాయిగా పడుతుంది. 5 నిమిషాలకొకటి తీస్తే 42 మంది చంద్రులు, ఒకరికొకరు తగలకుండా వస్తారు. దారి ముందే తెలుసుకోవాలంటే కిందటి రాత్రి చూడండి: చంద్రుడు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి, గ్రహణ సమయానికి 50 నిమిషాల ముందు వేళకు కిందటి రాత్రి ఎక్కడున్నాడో గ్రహణ సమయానికీ ఇంచుమించు అక్కడే ఉంటాడు.

ప్రశ్న: ఫోనుతో కుదరదా?

జవాబు: ఫోను ఒక్కటే అయితే చంద్రుడు చుక్కంతే. ట్రైపాడ్ మీది బైనాక్యులర్ కంటిగాజుకు అడాప్టర్‌తో బిగించండి. చంద్రుడి మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, తెర మీద వెలుగును కిందికి జరపండి.

ప్రశ్న: కంటికి రాగి రంగులో కనిపించిన చంద్రుడు ఫొటోలో బూడిద రంగుగా వచ్చాడు.

జవాబు: ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరా తనంతట తాను సరిదిద్దే అమరిక) ఆ ఎరుపును లోపమనుకుని కడిగేసింది. దాన్ని 5,200 కెల్విన్ దగ్గర నిలిపి, రా ఫైల్‌గా (కెమెరా మార్పులు చేయని ఫైల్‌గా) తీయండి. సంపూర్ణ దశ మొదలయ్యే, ముగిసే కొద్ది నిమిషాల్లో ఎరుపు అంచున సన్నటి నీలి పట్టీ కనిపిస్తుంది. భూమి పైపొరల్లోని ఓజోన్ ఎరుపును పీల్చేసుకుని నీలాన్ని వదలడం వల్ల వచ్చే పట్టీ అది. సంపూర్ణ దశకు పెట్టిన ఎక్స్‌పోజర్‌తో తీస్తే అది తెల్లగా కాలిపోతుంది, రెండు మూడు స్టాపులు తగ్గించి తీయండి.