పదమూడు ఫండ్లున్నాయి, మార్కెట్ పడుతోంది, సిప్‌లు ఆపేయాలా?

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. వయసు 41, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదమూడు ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లలో) కలిపి 32 లక్షలు, పీఎఫ్‌లో 18 లక్షలు, బ్యాంకులో 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్. షాద్‌నగర్ వైపు ఒక ప్లాటు, ఇంట్లో ముప్పై తులాల బంగారం. పాప ఎనిమిదో తరగతి. రెండు నెలలుగా ఫండ్ల విలువ తగ్గుతుంటే నిద్ర పట్టడం లేదన్నారు. సిప్‌లు, అంటే నెలనెలా ఫండ్లలో కట్టే వాయిదాలు, ఆపాలా, ఎన్ని ఫండ్లు ఉండాలి, ముందు ఏది అమ్మాలి అని అడిగారు.

నేను పెట్టుబడి సలహాదారుణ్ణి కాదు. తెనాలి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. 2006 నుంచి ఫండ్లలో డబ్బు పెడుతున్నాను. మీరు అడిగినవన్నీ ఒకప్పుడు నేనూ అడిగినవే. కానీ వాటికన్నా ముందు అడగవలసింది ఒకటుంది. అది అడగనందుకు నేను బాగా నష్టపోయాను కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా రాస్తాను.

2007లో నా వాటాకు వచ్చిన కొద్దిపాటి పొలం అమ్మితే నాలుగు లక్షలు చేతికొచ్చాయి. మరుసటి ఏడాది ఇల్లు కట్టాలని ఆలోచన. అప్పుడు ఎక్కడ చూసినా కొత్త ఫండ్ల మాటే. 'పది రూపాయలకే యూనిట్టు' (ఫండులో ఒక వాటా) అంటే చౌకగా దొరుకుతోందని చాలామంది నమ్మారు, నేనూ నమ్మాను. యూనిట్టు పది రూపాయలైనా వెయ్యి రూపాయలైనా, లోపల ఉన్న షేర్లు పది శాతం పెరిగితే రెండూ పది శాతమే పెరుగుతాయి. అంత చిన్న విషయం ఆ ఊపులో ఆలోచించలేదు. ఇంటి డబ్బంతా తీసుకెళ్ళి అందులో పెట్టాను.

2008 జనవరిలో ముప్పై పెద్ద కంపెనీల షేర్ల సూచీ సెన్సెక్స్ 21,000 దాటింది. నా నాలుగు లక్షలు ఐదు లక్షల పదివేలయ్యాయి. వేసవిలో పునాది తవ్వించాం. అక్టోబరు చివర ఒక రోజు సెన్సెక్స్ 8,000 కిందికి దిగి వచ్చింది. డిసెంబరులో మా ఇంటికి స్లాబు పోయాలి. సెంట్రింగ్ కొట్టారు, ఇనుము కట్టారు. మేస్త్రి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, సెంట్రింగ్ సామానుకు రోజూ అద్దె పడుతోంది, సిమెంటు ఎప్పుడు దింపమంటారు?" అని అడిగాడు. ఫండ్లన్నీ అమ్మితే వచ్చింది 2,10,000. తక్కువపడిన లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తెచ్చాను. నెలకు మూడు వేలు వడ్డీకే పోయేది. మూడేళ్ళు దాటితే నోటు తిరగరాయాలి కదా, ఇంకా రెండు నెలలు గడువుందనగా తీర్చేశాను. సెన్సెక్స్ మళ్ళీ 21,000 చూసింది 2010 దీపావళికి. కట్టిన ఇనుము మీద స్లాబు పోయకుండా అంతకాలం ఎవరు ఆగగలరు?

తప్పు ఫండ్లది అనలేను. ఏ నెలలో కావాలో ముందే తెలిసిన డబ్బును, ఎప్పుడు కోలుకుంటుందో ఎవరూ చెప్పలేని చోట పెట్టాను. అప్పటి నుంచి మా ఇంట్లో అలాంటి డబ్బుకు 'స్లాబు డబ్బు' అని పేరు పడిపోయింది. ఎప్పుడైనా నేను కొంత ఫండులో వేద్దామంటే మా ఆవిడ మొదట అడిగేది, "ఇందులో స్లాబు డబ్బు లేదు కదా?" అని.

మిమ్మల్ని కూడా అదే అడుగుతున్నాను. మీ 55 లక్షల్లో స్లాబు డబ్బు ఎంత?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు కనిపించేది ఇది. ఇంటి ఖర్చు నెలకు ఎనభై వేలనుకుంటే, 5 లక్షల డిపాజిట్ ఆరు నెలలకు సరిపోతుంది. ఉద్యోగం పోతే ఇల్లు గడవడానికి అది ఉండాలి. దాన్ని కదిలించకండి, ఇంకే లెక్కలోనూ కలపకండి. పాప ఇంటర్ పూర్తి కావడానికి ఇంకా నాలుగేళ్ళ పైచిలుకు ఉంది. పై చదువుకు 15 లక్షలు కావాలనుకుందాం. అది ఇప్పుడు ఈ 32 లక్షల్లోనే కలిసిపోయి ఉంది. అందుకే మీకు నిద్ర పట్టడం లేదని నా నమ్మకం. పాప పదో తరగతికి వచ్చిన ఏడాది నుంచి ఏటా 5 లక్షల చొప్పున, పదిలో ఒకసారి, ఇంటర్ రెండేళ్ళలో రెండుసార్లు, ఫండ్లలోంచి తీసి డిపాజిట్‌లోకి మార్చండి. మార్కెట్ పెరుగుతున్నా తీయండి, పడుతున్నా తీయండి. ఒకేసారి తీస్తే ఆ రోజు ధర మీద ఆధారపడతారు, మూడుసార్లుగా తీస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

మిగిలిన 17 లక్షలు మీ ముసలితనానికి. దానికింకా పదిహేడు పద్ధెనిమిదేళ్ళు ఉంది. దాని పక్కనే పీఎఫ్ 18 లక్షలు పెట్టి చూడండి. పీఎఫ్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు, మీరూ తీసుకున్నట్టు లేదు. 2024–25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చిన స్థిరమైన పెట్టుబడి అది. అంటే మీ పదవీ విరమణ డబ్బులో సగానికి పైగా ఇప్పటికే మార్కెట్‌కు దూరంగా ఉంది. యాప్‌లో ఎర్ర అంకె కనిపించేది ఈక్విటీకి మాత్రమే కాబట్టి ఉన్నదంతా కరిగిపోతున్నట్టు అనిపిస్తుంది.

అందుకని, ముసలితనానికి పెట్టే సిప్‌లు ఆపకండి. యూనిట్టు 50 రూపాయలు ఉన్నప్పుడు 5,000కు వంద యూనిట్లు వస్తాయి, 40కి పడితే నూట పాతిక వస్తాయి. ఇంకా పద్ధెనిమిదేళ్ళు కొనబోయేవారికి ధర తగ్గడం నష్టం కాదు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 'మార్కెట్ ఎప్పుడూ కోలుకుంటుంది' అని ధీమాగా చెప్పేవాళ్ళను నమ్మి స్లాబు డబ్బు కూడా వదిలేయకండి. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో అందుకున్న శిఖరాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

ఇక ఎప్పుడు సర్దుకోవాలి అన్న విషయం. దీన్నే రీబ్యాలెన్సింగ్ అంటారు. నా పద్ధతి 60:40. నూటికి అరవై ఈక్విటీ, నలభై పీఎఫ్ లాంటివి, డిపాజిట్లు. ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం నోటుబుక్కులో రాసి చూస్తాను. ఐదు శాతానికి మించి తేడా వస్తేనే కదిలిస్తాను. పది లక్షలతో మొదలుపెట్టారనుకోండి, ఆరు ఈక్విటీ, నాలుగు డిపాజిట్. ఏడాదిలో ఈక్విటీ యాభై శాతం పెరిగితే 9 లక్షలవుతుంది, డిపాజిట్ ఏడు శాతం చొప్పున 4.28 లక్షలు. మొత్తం 13.28 లక్షల్లో ఈక్విటీ వాటా దాదాపు 68 శాతానికి చేరింది. 60కి దించాలంటే సుమారు 1.03 లక్షలు ఈక్విటీ నుంచి తీయాలి. ఆ అమ్మకంలో లాభం మూడో వంతు, అంటే ముప్పై నాలుగు వేలే. 2024 జులై 23 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఏడాదికి మించి ఉంచిన ఈక్విటీ ఫండ్ల మీద సంవత్సరానికి 1.25 లక్షల వరకు లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపే అమ్మితే మాత్రం 20 శాతం. కాబట్టి అమ్మేముందు ఏ యూనిట్లు ఎప్పుడు కొన్నవో చూసుకోండి. జీతం వస్తున్నవారికి ఇంకో సులువు ఉంది. అమ్మకుండా, వచ్చే కొన్ని నెలల కొత్త డబ్బును తగ్గిన వైపు మళ్ళిస్తే చాలు.

నా పద్ధతికి అసలు పరీక్ష 2020 మార్చి 23న ఎదురైంది. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ 3,934 పాయింట్లు, 13 శాతం పడింది. బడి మూసేశారు, బయటికి వెళ్ళే వీల్లేదు. నోటుబుక్కు తీసి చూస్తే నా 30 లక్షలు 23 లక్షల చిల్లరయ్యాయి, ఈక్విటీ 60 నుంచి 48 శాతానికి దిగింది. అంతకు ముందే అదే పుస్తకం అట్ట లోపలి వైపు నీలం సిరాతో నేను రాసి పెట్టుకున్న వాక్యం ఉంది: '50 కిందికి వస్తే 60కి తేవాలి, మూడు నెలల్లో, మూడు భాగాలుగా.' రేడియోలో, టీవీలో వింటున్నదాన్ని బట్టి నిర్ణయించి ఉంటే కచ్చితంగా అమ్మేసేవాణ్ణి. భయం లేనప్పుడు రాసుకున్న మాట కాబట్టి దాన్నే పాటించాను. డిపాజిట్లు విరిచి మార్చి నెలాఖరున, ఏప్రిల్‌లో, మేలో తొంభై వేల చొప్పున పెట్టాను. మొదటిసారి పంపేటప్పుడు చేతులు వణికాయి. ఆ నవంబరుకే సూచీ జనవరి నాటి శిఖరం దాటింది. ఎంత కాలం పడుతుందో నాకు ముందే తెలుసని కాదు. స్లాబు డబ్బు వేరుగా భద్రంగా ఉంది గనక ఐదేళ్ళు పట్టినా ఆగగలను అన్న ధైర్యంతో చేశాను.

ఫండ్ల సంఖ్య గురించి. నా దగ్గర ఒకప్పుడు ఏడు ఉండేవి. ప్రతి ఫండూ తన దగ్గర ఏ కంపెనీల షేర్లు ఎంతెంత ఉన్నాయో నెలనెలా ప్రకటిస్తుంది. ఒక సెలవు రోజున ఏడు జాబితాలూ అచ్చు తీయించి, మంచం మీద వరుసగా పరిచి, ఒకటికి మించిన జాబితాల్లో ఉన్న పేర్లన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంటూ పోయాను. గంటలో నాలుగు జాబితాల పైభాగమంతా ఎర్రబడిపోయింది. అవే రెండు ప్రైవేటు బ్యాంకులు, అదే చమురు కంపెనీ, అవే ఐటీ కంపెనీలు. నాలుగు ఫండ్లకు నాలుగు రకాల రుసుములు కట్టి ఒకే సరుకు కొంటున్నాను. అందులో ఆశ్చర్యమూ లేదు. 2017లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన నిబంధనల ప్రకారం లార్జ్‌క్యాప్ ఫండ్ తన డబ్బులో కనీసం 80 శాతాన్ని విలువలో మొదటి వంద కంపెనీల్లోనే పెట్టాలి. అలాంటివి మూడు కొంటే వైవిధ్యం వస్తుందా?

మీ పదమూడింటికీ ఈ పని మీరే చేయండి. ఇంకొకరు చేసి ఇస్తే ఆ ఎర్ర గీతల ప్రభావం మీ మనసు మీద పడదు. నా అభిప్రాయంలో మీకు మూడు చాలు, నాలుగు ఎక్కువే. యాభై పెద్ద కంపెనీల సూచీని అనుసరించే నిఫ్టీ 50 సూచీ ఫండ్ ఒకటి, మధ్యస్థ కంపెనీలది ఒకటి, మీకు బాగా నమ్మకమున్నది ఇంకొకటి. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ తీసుకుంటే రుసుము తగ్గుతుంది. ఏటా ఒక్క శాతం తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 10 లక్షలు ఇరవై ఏళ్ళు 12 శాతంతో పెరిగితే 96 లక్షలు, 11 శాతంతో పెరిగితే దాదాపు 81 లక్షలు. అయితే మార్కెట్ పడినప్పుడు మిమ్మల్ని కూర్చోబెట్టి అమ్మనివ్వకుండా ఆపే మంచి ఏజెంటు ఉంటే, ఆ రుసుము వృథా అని నేననను.

బంగారం, ప్లాటు. అమ్మే మనసు ఉంటేనే లెక్కలో వేయండి. పాప పెళ్ళికి పెట్టాలనుకున్న నగలు నగలే, పెట్టుబడి కాదు. ప్లాటు విలువ గజానికి ఇంత అని బంధువులు చెప్పిన ధరతో వేసుకోకండి. ఆసుపత్రి బిల్లుకు మూడు లక్షలు కావలసి వస్తే ప్లాటులో ఒక మూల తెగనమ్మలేం.

యాప్ చూపించే లాభం గురించి కూడా జాగ్రత్త. నెలకు పదివేలు ఐదేళ్ళు కడితే 6 లక్షలు, అది 8.11 లక్షలైతే యాప్ 35 శాతం లాభం అని చూపిస్తుంది. డబ్బంతా ఐదేళ్ళూ లోపల లేదు కాబట్టి అసలు రాబడి ఏటా 12 శాతం. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు రూపాయి వడ్డీ. ఈ అంకెను ఎక్స్‌ఐఆర్‌ఆర్ పేరుతో యాప్‌లోనే చూపిస్తారు, దాన్నే చూడండి.

మీ స్నేహితుడు ఆప్షన్లతో (షేర్ల ధర ఎటు కదులుతుందో దాని మీద చేసుకునే ఒప్పందాలతో) నెలనెలా ఆదాయం వస్తుందన్నాడని రాశారు. దయచేసి వద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని సెబీయే తేల్చింది.

అన్ని ఖాతాల్లోనూ నామినీ పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి, వీలైతే వీలునామా కూడా రాయండి. నామినీగా పేరున్నంత మాత్రాన షేర్లకు వారసులను కాదని యజమాని కారని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

చివరగా, ముందు ఏది అమ్మాలి అన్నదానికి. పన్ను ఆదా కోసం కొన్న ఈఎల్ఎస్ఎస్ ఫండ్లు మూడున్నాయన్నారు. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో ఉన్నారు కాబట్టి వాటితో మీకు ఆ ప్రయోజనం లేదు. వాటి సిప్‌లు ఆపి ఆ డబ్బు సూచీ ఫండుకు మళ్ళించండి. పాత యూనిట్లకు మాత్రం ఏ వాయిదాకు ఆ వాయిదా మూడేళ్ళు నిండాలి, నిండినవాటిని 1.25 లక్షల లాభం దాటకుండా ఏటా కొంచెం కొంచెంగా తీయవచ్చు. తర్వాత ఎర్ర గీతలు ఎక్కువగా పడిన లార్జ్‌క్యాప్ ఫండ్లు. పాప చదువుకు 15 లక్షలన్నది నేను వేసుకున్న అంకె. ఇంట్లో ఇద్దరూ కూర్చుని అసలు అంకె ఎంతో రాయండి, ఏ ఏడాది ఎంత తీయాలో పట్టిక వేసి ఇక్కడే పెడతాను.