డాక్టర్ కాకుండా క్యాన్సర్ మీద పనేంటి?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. పొగాకు, శనగ వేస్తాం. అమ్మాయి ఒంగోలులో డిగ్రీ రెండో ఏడాది, స్టాటిస్టిక్స్ మేజర్. క్యాన్సర్ పరిశోధనలో బయోస్టాటిస్టీషియన్ అవుతానంటోంది. డాక్టర్ కాకుండా క్యాన్సర్ మీద పనేంటండీ? బీఎడ్ చేయించమంటారా?

జవాబు: మీ పొలంతోనే మొదలుపెడదామండీ. కొత్త ఎరువు పనిచేస్తుందో లేదో చూడాలనుకున్నారు. దాన్ని బోరు పక్కనున్న మంచి చెక్కలో చల్లి, పాతది చౌడు చెక్కలో చల్లితే కొత్తదే గెలుస్తుంది. గొప్ప మాత్రం నేలది. ఏ చెక్కకు ఏది వేయాలో చీట్లు తీస్తే ఆ పేచీ ఉండదు. వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ పొలాల లెక్కలు చూస్తూ రోనాల్డ్ ఫిషర్ చెప్పిన పద్ధతి ఇది. క్యాన్సర్ మందుల ట్రయల్స్‌లో జరిగేదీ ఇదే. ఆ చీట్ల ఏర్పాటు, ఎంతమంది పేషెంట్లు కావాలి, మందు పనిచేసిందని ఎప్పుడు ఒప్పుకోవాలి, ఇవన్నీ మొదటి పేషెంటు చేరకముందే రాసిపెట్టేది బయోస్టాటిస్టీషియన్.

అసలు తలనొప్పి తర్వాత వస్తుంది. మూడేళ్ల ట్రయల్ అనుకోండి. ఒకాయన 14 నెలలు చెకప్‌కి వచ్చి, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తడు. పోయాడని రాయాలా, ఉన్నాడని రాయాలా? రెండూ తప్పే. పేరు కొట్టేయడమూ తప్పే, 14 నెలలు బతికి ఉన్నాడన్నది తెలిసిన విషయమే కదా. అందుకని అంతవరకు లెక్కలో ఉంచి, అక్కడ ఆపుతారు. దీన్ని సెన్సారింగ్ అంటారు. ఎన్ని నెలలకు ఎంతమంది బతికి ఉన్నారో చూపే, 1958లో కాప్లాన్, మయర్ ఇచ్చిన మెట్ల గ్రాఫ్ దీనిమీదే నిలబడింది. కాకపోతే జబ్బు ముదిరి రావడం మానేసినవాళ్లు ఎక్కువైతే ఆ గ్రాఫూ మోసం చేస్తుంది. అది పసిగట్టి డాక్టర్లకు మొహమాటం లేకుండా చెప్పగలగాలి. మీ అమ్మాయిని పదిమంది పేషెంట్లతో ఆ గ్రాఫ్‌ని చేత్తో గీసి మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అన్నానికి పిలిచినా లేవకుండా కూర్చుందంటే, బీఎడ్ మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి.

పొగాకు రైతునన్నారు, చెప్పాలా వద్దా అనుకున్నాను. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లంకెను 1950లో బ్రిటన్‌లో లెక్కకట్టి చూపిన ఇద్దరిలో బ్రాడ్‌ఫర్డ్ హిల్ డాక్టర్ కాదు, మీ అమ్మాయి చేస్తానంటున్న లెక్కల పనే ఆయనదీ.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ తప్పనిసరి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఉంది. వెల్లూరు సీఎంసీలో బయోస్టాటిస్టిక్సే ఉంది. ఐఐటీల కోసం జామ్ అనే ప్రవేశ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ రాయాలి. ఉద్యోగాలు ముంబై టాటా మెమోరియల్ లాంటి ఆస్పత్రుల పరిశోధన విభాగాల్లో, హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో ఉంటాయి. ప్రాజెక్టు పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, ఆ టెన్షన్ మొదట్లో తప్పదు. సాస్ అని లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటుంది, 'మూడు నెలల్లో సాస్, జాబ్ గ్యారంటీ' బోర్డులకు మాత్రం డబ్బు కట్టకండి. అలాంటిదే ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో లాప్‌టాప్‌లోనే ఈ సెలవుల్లో మొదలుపెట్టమనండి.