పరిణామ సిమ్యులేషన్‌లో ఎంజైములన్నీ అంతులేకుండా మెరుగైపోతున్నాయి, తప్పెక్కడ?

మూడు మెట్ల జీవక్రియ మార్గం రాసి మ్యుటేషన్లు వదిలితే, ప్రతి ఎంజైమూ ఆగకుండా వేగం పుంజుకుంటోందని మీ ప్రశ్న. మీ కోడ్‌లో ప్రొటీన్ ఊరికే దొరుకుతోంది, అదీ సంగతి. ముందు మొత్తం ఎంజైముకు ఒక పరిమితి పెట్టండి.

ప్రతి మెట్టుకూ ఒక నిరోధం ఉందనుకోండి: ఆ మెట్టు కష్టాన్ని ఎంజైము మోతాదుతో భాగిస్తే వచ్చేది. ఎంజైములు సంతృప్తం కానంతవరకు ఫ్లక్స్ (మార్గం గుండా పదార్థం ప్రవహించే వేగం) ఈ నిరోధాల మొత్తానికి విలోమంగా మారుతుంది. కష్టాలు 1, 4, 9. చేతిలో ఉన్న ఎంజైము 12 యూనిట్లు. తలా 4 ఇస్తే నిరోధం 0.25 + 1 + 2.25 = 3.5. కష్టాల వర్గమూలాల నిష్పత్తిలో 2, 4, 6గా పంచితే 0.5 + 1 + 1.5 = 3. ఖర్చు అంతే, ఫ్లక్స్ మాత్రం దాదాపు 17 శాతం ఎక్కువ. ఇంతకు మించిన పంపకం లేదు.

ఈ మోతాదులు కదపకుండా మూడో ఎంజైము సామర్థ్యాన్ని రెట్టింపు చేయండి: ఫ్లక్స్ 33 శాతం పెరుగుతుంది. మళ్ళీ రెట్టింపు చేస్తే 20, ఇంకోసారి చేస్తే 11. మెరుగైన కొద్దీ ఆ మెట్టు చేతిలోంచి ఫ్లక్స్ మీద పట్టు జారిపోతుంది. శాస్త్రవేత్తలు కాక్సర్, బర్న్స్ 1981లో జన్యు ప్రబలత్వాన్ని (జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా లక్షణం మారకపోవడాన్ని) వివరించింది ఈ తర్కంతోనే.

మ్యుటేషన్ తెచ్చే లాభం జనాభా విలోమం కంటే తగ్గాక, అంటే 10,000 జీవుల్లో 0.0001 కంటే కిందికి వచ్చాక, గెలుపు ఓటములు అదృష్టం చేతికి పోతాయి. మ్యుటేషన్లలో చెడ్డవే ఎక్కువ ఉండేలా చూడండి. మంచీ చెడూ సమానంగా వేస్తే ఎదుగుదల ఆగాల్సిన చోట ఆగదు. నిజంలోనూ అంతే: ఎంజైముల కేక్యాట్‌ను (ఒక ఎంజైము అణువు సెకనుకు మార్చగల గరిష్ఠ అణువుల సంఖ్యను) కేఎంతో (సగం గరిష్ఠ వేగం వచ్చే సబ్‌స్ట్రేట్ గాఢతతో; సబ్‌స్ట్రేట్ అంటే ఎంజైము మార్చే పదార్థం) భాగించగా వచ్చే విలువల మధ్యగతం మోలార్‌కు, సెకనుకు లక్ష దగ్గరుంది, వ్యాపనం (అణువులు ద్రావణంలో కదిలి ఎంజైమును చేరడం) గీసిన హద్దేమో పది కోట్ల నుంచి వంద కోట్లు.

చాలామంది జారిపడేది మరో చోట. రివర్సిబుల్ (రెండు దిశల్లోనూ నడిచే) మెట్టులో ముందుకు, వెనక్కు వెళ్ళే గరిష్ఠ వేగాలనూ రెండు కేఎంలనూ విడివిడిగా మ్యుటేట్ చేస్తారు. అప్పుడు సమతాస్థిరాంకమే (సమతాస్థితిలో ప్రోడక్ట్‌కు, సబ్‌స్ట్రేట్‌కు ఉండే నిష్పత్తే) మారిపోయి, ఎంజైము ఉష్ణగతిక శాస్త్రాన్ని మోసం చేయడం నేర్చుకుంటుంది! ఈ నాలుగింటిలో మూడింటినే కదపండి. వెనక్కు వెళ్ళే వేగాన్ని హాల్డేన్ సంబంధం నుంచి లెక్కగట్టండి: ముందుకు వెళ్ళే వేగాన్ని ప్రోడక్ట్ కేఎంతో గుణించి, సబ్‌స్ట్రేట్ కేఎం, సమతాస్థిరాంకాల లబ్ధంతో భాగించాలి.

మెట్లన్నీ ఇర్రివర్సిబుల్‌గా, ఫీడ్‌బ్యాక్ లేకుండా రాస్తే పట్టంతా మొదటి ఎంజైముకే పోతుంది. తర్వాతిదాని గరిష్ఠ వేగం దానికి చాలకపోతే మధ్య పదార్థం పేరుకుంటూనే ఉంటుంది, స్థిరస్థితి రాదు. సాల్వర్ చేతులెత్తేస్తే ముందు అక్కడ చూడండి.