ఏటిసీమ గురించి మరికొన్ని ప్రశ్నలు

గత సంచికలో తెనాలికి చెందిన ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబుగా, ఎక్కువ తక్కువలు లేని, ప్రకృతినే దైవంగా కొలిచే ఒక దేశాన్ని ఊహించి దానికి ‘ఏటిసీమ’ అని పేరు పెట్టాము. అక్కడ రాజు గాని, పుట్టుకతో వచ్చే హోదా గాని ఉండవు. పాలకసభ సభ్యులను చీటీలు తీసి ఎంపిక చేస్తారు. ఏరు, కొండ, అడవి గుడిలో దేవతలుగానే కాక చట్టం దృష్టిలో వ్యక్తులుగా కూడా చెల్లుతాయి. భూమిని సాగు చేసుకోవచ్చు గాని అమ్మడానికి వీల్లేదు. ఇంతవరకు చెప్పి మేము ఊరుకున్నా, కృష్ణా, గుంటూరు జిల్లాల పాఠకులు మమ్మల్ని ఊరుకోనివ్వలేదు. వచ్చిన ఉత్తరాలలో పొగడ్తలను పక్కనబెట్టి, చిక్కుముడి వేసినవాటికే ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: మనమూ కృష్ణమ్మను తల్లి అనే పిలుస్తాము. 2016 పుష్కరాలలో లక్షలాదిగా మునిగాము, పవిత్ర సంగమం దగ్గర హారతులిచ్చాము. ఆ నీళ్ళనే మోసుకుపోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు విజయవాడ దాటేలోపే గుర్రపుడెక్కతో, ప్లాస్టిక్ సంచులతో నిండిపోతున్నాయి. పూజిస్తే ఏరు బాగుపడుతుందని మీ ఏటిసీమవారు ఎలా నమ్ముతున్నారు?
– నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు, పటమట, విజయవాడ

జవాబు: వారు అలా నమ్మరండి. అక్కడ పూజ అంటే వంతు ప్రకారం నీరు వాడుకుని, వంతు ప్రకారం పూడిక తీయడమే. ఇది మేము గాలిలోంచి పుట్టించిన సంగతి కాదు. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో వరి రైతులు ‘సుబాక్’ అనే సంఘాలుగా ఏర్పడి, ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో, ఏ ఊరి పొలాలను ఎప్పుడు బీడు పెట్టాలో జలదేవతల గుళ్ళ ఆధ్వర్యంలో నిర్ణయించుకుంటారు. ఒక వాలులోని మళ్ళన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకు వచ్చి ఒకేసారి బీడుపడడం వల్ల పురుగుకు తిండి దొరకదు. 1970లలో కొత్త వంగడాలతో ఎడతెరిపి లేకుండా పంటలు వేయమని ప్రభుత్వం ప్రోత్సహించి గుడి పంచాంగాన్ని పక్కనబెట్టించినప్పుడు, పురుగూ తెగులూ విజృంభించి, నీటి వంతులు తారుమారై, చివరకు మళ్ళీ ఆ పంచాంగం దగ్గరికే రావలసి వచ్చింది. 2012లో యునెస్కో ఈ సుబాక్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

స్పెయిన్‌లోని వలెన్సియాలో దేవతల ప్రసక్తి లేకుండానే ఇటువంటి పని జరుగుతున్నది. అక్కడి నీటి న్యాయస్థానం ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం ముందు కొలువు తీరుతుంది. ఆ కాలువల రైతులు ఎన్నుకున్నవారే న్యాయమూర్తులు; వాదనలన్నీ నోటి మాటగానే సాగుతాయి; ఏ కాలువ మీద తగాదా వచ్చిందో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాలుపంచుకోరాదు.

ఏటిసీమవారు ఈ రెండింటినీ కలుపుకున్నారు. అక్కడ ప్రతి తూము పక్కనా ఒక చిన్న గుడి ఉంటుంది, ఆ గుడికి కాలువ నీరు వదిలే లస్కరే పూజారి. సున్నం కొట్టిన గోడ మీద ఏ బోదెకు ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది బొగ్గుతో రాసి ఉంటుంది. నీరు వదిలిన రోజున నైవేద్యం పెడతారు గాని, ఆయకట్టు చివరి భూమి రైతు వచ్చి తన బోదెలో నీరు పారిందని చెప్పి గంట కొట్టేదాకా ఎగువ రైతులలో ఎవ్వరికీ ప్రసాదం పంచరు. కాలువలోకి మురుగు వదిలినవాడు హారతి పళ్ళెం ముట్టుకునే అర్హతతో పాటు నీటి వంతును కూడా పోగొట్టుకుంటాడు. వాణ్ణి దారికి తెచ్చేది ఆ రెండవ శిక్షేనని మా అభిప్రాయం.

మన రాష్ట్రమూ 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగిస్తూ చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటు చేసింది. కాగితం మీద చూస్తే అది ఏటిసీమకు చాలా దగ్గరి చట్టం. తూము తాళంచెవి ఆ సంఘాల చేతికి ఎంతవరకు వచ్చిందో, శాఖలో పనిచేసిన మీకు మాకంటె బాగా తెలుసు.

ప్రశ్న: చీటీ తీసి పాలకులను ఎంపిక చేస్తే చదువు రానివారి పేరు రావచ్చు కదా? ఆడవారి పేరు వస్తే మన ఊళ్ళలో సర్పంచ్ భర్తలు చేస్తున్నట్లే వారి భర్తలు కుర్చీ ఎక్కరా?
– రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సభలు పెట్టుకుని పనులు నడపడం ఈ గడ్డకు కొత్త కాదని ముందుగా మనవి చేస్తాము. మీ ఊరికి ఎంతో దూరం లేని భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీద, క్రీస్తుకు పూర్వపు అక్షరాలలో, నిగమ (పట్టణ సభ) సభ్యుల పేర్లూ గోష్ఠి (సంఘం) ప్రస్తావనా ఉన్నాయి. ఇక చీటీల విషయానికి వస్తే, కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలంలో, 919, 921 సంవత్సరాలలో చెక్కిన శాసనాలు ఆ పద్ధతిని ఎంతో వివరంగా చెబుతున్నాయి. ఊరిని 30 వాడలుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఊహ తెలియని పిల్లవాడి చేత తీయించేవారు. వయసు 35కు తగ్గరాదు, 70 దాటరాదు. గడిచిన మూడేళ్ళలో పదవి చేసినవారి పేరు కుండలో వేయరు. అంతకుముందు పదవి చేసి లెక్కలు అప్పజెప్పనివారికే కాక వారి దగ్గరి బంధువులకూ అర్హత లేదు. ఈ చివరి నిబంధన ఒక్కటి నేడు అమలైతే ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో లెక్కవేసే పని మీ విద్యార్థులకు అప్పగించండి.

అయితే ఆ కుండలో పేరు పడాలంటే సొంత భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేదం చదివిన చదువు ఉండాలి. ప్రాచీన ఏథెన్స్‌లోనూ 500 మంది సభ్యుల మండలిని చీటీలతోనే నింపేవారు, ఏ మనిషీ జీవితంలో రెండుసార్లకు మించి అందులో కూర్చోరాదు. కాని స్త్రీలకూ బానిసలకూ అందులో చోటే లేదు. రెండు చోట్లా కుండలో పడిన పేర్లన్నీ సమానమే. అన్యాయమంతా ఏ పేర్లు వేయాలన్న దగ్గరే జరిగిపోయింది. అందుకని ఏటిసీమలో 21 ఏళ్ళు నిండిన ప్రతి మనిషి పేరూ కుండలో ఉంటుంది, శిక్షగా తప్ప తీసేయమని కోరే హక్కు ఎవరికీ లేదు.

చదువు సంగతి: ఎంపికైనవారు మొదటి ఏడాది వెనుక వరుసలో కూర్చుని వింటారు, మాట్లాడవచ్చు గాని చెయ్యెత్తరాదు, రెండవ ఏడాది చెయ్యెత్తుతారు, మూడవ ఏడాది లెక్కలు అప్పజెప్పి ఇంటికి వెళతారు. దస్తావేజులన్నీ సభలో పైకి చదివి వినిపించవలసిందే. భర్తల సంగతి ఇంకా తేలిక: చీటీలో పేరు వచ్చిన మనిషి తప్ప మరెవ్వరూ సభ గడప దాటరాదు. అంతటితో ఆగకుండా, ఉత్తర అమెరికాలోని ఆదివాసీ తెగల హోడెనోషోనీ సమాఖ్య నుంచి మరొక ఏర్పాటును కూడా తెచ్చుకున్నాము. వారిలో నాయకులను ప్రతిపాదించేదీ, దారి తప్పినవారిని దించేదీ వంశపు పెద్ద స్త్రీలే. ఏటిసీమలో నియమించే అధికారం కుండది, దించే అధికారం ఊరి స్త్రీల సభది.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా పారిశుద్ధ్యపు పనే. సమానత్వం అని రాశారు కనుక అడుగుతున్నాను. ఏటిసీమలో మురుగుకాలువలోకి దిగేది ఎవరండీ?
– నర్సింగ్ విద్యార్థిని, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో గట్టి ప్రశ్న మీదేనమ్మా. ప్రకృతి ఒడిలో సామరస్యంగా బతికిన పాత గ్రామాలను తలచుకుని మురిసిపోయేవారు పన్నెండుమంది ఆయగాళ్ళ వ్యవస్థను గొప్పగా చెబుతారు. నీరు పంచేవాడు, కుమ్మరి, చాకలి, కావలివాడు, ఎవరి పని వారు చేసి కళ్ళం దగ్గర గింజల వాటా తీసుకునేవారన్నది నిజమే. కాని తండ్రి పని కొడుకు మెడకు చుట్టుకునేది, గింజలు కొలిచే చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒకటే. చెట్టుకు మొక్కినంత మాత్రాన ఆ చెయ్యి మారదు. మన దేశంలో మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం నిషేధించిన తరువాత కూడా మురుగుగుంతలలో మనుషులు చనిపోతూనే ఉన్నారు.

ఏటిసీమలో మొదటి నియమం, యంత్రం దిగగలిగిన చోట మనిషి దిగరాదు. యంత్రం సరిపోని పనికి వంతులు ఉన్నాయి, సభకు ఎంపికైనవారు ఆ వంతు పూర్తిచేసిన తరువాతే సభలో కూర్చుంటారు. వంతు పద్ధతిలో ఒక దొంగదారి ఉందని మాకు తెలుసు. డబ్బున్నవాడు తన బదులు మరొకరిని పంపుతాడు, కొన్నాళ్ళకు ఆ ‘మరొకరు’ ఎప్పుడూ ఒకే వాడవారు అవుతారు. కనుక బదులు మనిషిని పంపినవారి పేరు పదేళ్ళపాటు కుండలో పడదు. ఇంకొకటి, ఆ దేశంలో కూలి రేట్లను నిర్ణయించేది ఆ పని ఎంతమంది వద్దంటున్నారన్న లెక్క. అందరూ వద్దనే పనికే అన్నిటికంటె ఎక్కువ కూలి ఉంటుంది. మీ నాన్నగారు అక్కడ ఉంటే సభలోని గుమాస్తా కంటె ఎక్కువ సంపాదించేవారు, ఆ పని చేయాలని మిమ్మల్ని అడిగేవారెవరూ ఉండేవారు కాదు.

ప్రశ్న: ఏటిసీమలో సినిమాహాళ్ళు ఉంటాయా?
– ఒక అభిమాని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఉంటాయి. టికెట్ ధర నిర్ణయించే సంఘంలో తమ పేరు రాకూడదని మాత్రం జనం ఏటికి మొక్కుకుంటారు.

ప్రశ్న: నాబోటి నాస్తికుడికి ఆ దేశంలో చోటుందా? లేక కొండకు దండం పెట్టనివారిని సరిహద్దు దాటిస్తారా?
– ప్రింటింగ్ ప్రెస్ యజమాని, బెంజి సర్కిల్, విజయవాడ

జవాబు: గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు వచ్చి, కృష్ణమ్మ నీళ్ళే తాగుతూ నేటికీ నడుస్తున్నది. ఏటిసీమకు అంతకంటె మంచి ఆదర్శం అక్కర్లేదు. అక్కడ ఏటి పట్ల విధులు అందరికీ ఒకటే, నమ్మకం ఎవరిది వారిదే. పూడిక తీయడానికి వచ్చినవాణ్ణి దండం పెట్టావా అని అడగడం నేరం. దండం పెట్టాను గనుక పూడిక తీయను అనడం అంతకంటె పెద్ద నేరం.

ప్రశ్న: నాకు సెంటు భూమి లేదు, పదిహేనేళ్ళుగా కౌలుకు పసుపు వేస్తున్నాను. భూమి అమ్మకూడదు అంటే నాకేమి ఒరుగుతుంది?
– కౌలు రైతు, దుగ్గిరాల

జవాబు: ఏటిసీమలో దున్నే మనిషి పేరే దస్త్రంలో ఉంటుంది గనుక కౌలు అన్న పద్దే ఉండదు. ఎరువుల అప్పు గాని, వరదకు పంట పోతే వచ్చే సాయం గాని మీ పేరునే వస్తాయి. మన దగ్గర 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు పొందాలన్నా యజమాని సంతకంతో ఒప్పందపత్రం కావాలి. ఆ సంతకం కోసం మీరు ఎన్ని గడపలు ఎక్కి దిగారో మేము చెప్పనక్కర్లేదు. అయితే ఒక ఇబ్బందిని దాచము. భూమిని అమ్మలేనివారు కూతురి చదువుకో, ఆపరేషన్‌కో దాన్ని తాకట్టు కూడా పెట్టలేరు. చదువూ వైద్యమూ ఉచితం కాని దేశంలో భూమి అమ్మకాన్ని నిషేధిస్తే అది రైతును కట్టిపడేయడమే అవుతుంది. కనుక ఏటిసీమలో ముందు ఆ రెండూ ఉచితం చేసి, తరువాతే భూమి చట్టం తెచ్చారు. ఈ వరుస తప్పితే మీ అనుమానమే నిజమవుతుంది.

ప్రశ్న: ఏరు వ్యక్తి అన్నారు కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంటి మీదికి వచ్చింది. సామాను, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను అన్నీ పోయాయి. ఏటిసీమలో అయితే నేను బుడమేరు మీద కేసు వేయవచ్చా?
– గృహిణి, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: మీరు అడిగినదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందమ్మా. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు వ్యక్తి హోదా ఇచ్చింది. వరద వచ్చి జనం నష్టపోతే పరిహారం ఎవరు కట్టాలి అని ఆ రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించగా, జూలైలో ఆ తీర్పు అమలు ఆగిపోయింది. అదే ఏడాది న్యూజిలాండ్ వాంగనూయి నదిని వ్యక్తిగా గుర్తిస్తూ చట్టం చేసి, నది పక్షాన మాట్లాడడానికి ఇద్దరిని, ఒకరిని ప్రభుత్వం తరఫున, ఒకరిని ఆ నదీతీరపు మావోరీ తెగల తరఫున, నియమించే ఏర్పాటు చేసింది. ఏటిసీమ ఆ పద్ధతినే అనుసరించి ప్రతి ఏటికీ ఎగువ నుంచి ఒకరిని, దిగువ నుంచి ఒకరిని సంరక్షకులుగా పెట్టుకుంది.

అక్కడ మీరు ఏటి మీద కేసు వేయలేరు, సంరక్షకుల మీద వేయవచ్చు. కొల్లేటికి పోయే బుడమేరు తన దారిన తాను పోతుంది. ఆ దారిని ఇరుకు చేయడం, కట్టలను బలహీనపడనివ్వడం మనుషుల పనులు. తెలిసిన పెద్ద వరద ఎంతవరకు వచ్చిందో అంతవరకు ఏటిసీమలో హద్దురాళ్ళు పాతుతారు. వాటి లోపలి నేల ఏటి సొంత ఆస్తి, అందులో పైరు వేయవచ్చు, గొడ్లను మేపవచ్చు, గోడ మాత్రం కట్టరాదు. అప్పటికే అక్కడ ఇళ్ళున్నవారిని ఆక్రమణదారులని తిట్టి పంపడం ఆ దేశంలో నిషిద్ధం, ఎందుకంటే పేదలు అక్కడికి చేరినది ఊళ్ళో మరెక్కడా స్థలం కొనలేకనే అని అందరికీ తెలుసు. వారికి మెరక మీద అంతే ఇల్లు కట్టి, తాళాలు చేతిలో పెట్టిన తరువాతే ఖాళీ చేయమంటారు. హద్దురాళ్ళ లోపల లేఅవుట్‌కు అనుమతి ఇచ్చిన అధికారి, చూస్తూ ఊరుకున్న సంరక్షకుడు, ప్లాట్లు అమ్ముకున్న వ్యాపారి ముగ్గురూ మీ కుట్టుమిషను దగ్గర నుంచి లెక్క కట్టి పరిహారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉత్తరమేరూరు నియమం ప్రకారం వారి పేర్లే కాదు, వారి బంధువుల పేర్లు కూడా కుండలో పడవు.